పదిహేడో వరస, నాలుగోది

ఆగస్టు 10, ఆదివారం

ఈ డైరీ కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చినారు. ఏడు నెలలుగా బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉండాది. ఈరోజు దించినాను. ఎవరితోనూ చెప్పుకోలేని పని ఒకటి జరిగింది, అందుకని.

నాయన చెప్పిన పేర్లు పోయినాయి.

ఇంకేం రాయబుద్ధి కాలే.

ఆగస్టు 11, సోమవారం

శ్రీ సిటీకి పోయే కంపెనీ బస్సులో రాస్తా ఉండాను. గుంత వచ్చినప్పుడంతా అక్షరాలు ఎగురుతా ఉండాయి. ఎగరనీ, చదివేది నేనే కదా.

జరిగింది జరిగినట్టు రాసి చూస్తే తప్పు ఎవరిదో తేలుతాది.

మా నాయన కాశింవలి చంద్రగిరిలో మావాళ్ళ గోరీల దిబ్బకు ముప్పై ఎనిమిదేండ్లుగా కాపలా. గుంత తీసేది, పూడ్చేది, కంప కొట్టేది అంతా ఆయనే. అక్షరం ముక్క రాదు. పేరు చెక్కిన రాళ్ళు ఉన్నోళ్ళ గోరీలకే ఉండాయి. మిగతావన్నీ మట్టివి. తలకాడ ఒక గుండ్రాయో, ఒక కలబంద మొక్కో ఉంటాది, అంతే. ఏది ఎవరిదని అడిగితే నాయన ఒక్కడే చెప్పగలడు.

ఏప్రిల్‌లో కమిటీ సెక్రటరీ ఫైజల్ సార్ ఇంటికొచ్చినాడు. ప్రహరీ కట్టాల, కంపచెట్లు తీసేయాల, ముందుగా నాయనకు తెలిసిన పేర్లన్నీ రాసి పెట్టుకోవాల అన్నాడు. నోటుబుక్కులో రాద్దామన్నాడు. నేను నవ్వినాను. 'నోటుబుక్కేంది సార్, చెదలు తింటాది. నేను ప్రోగ్రాం రాస్తాను' అన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు చెంపలు మండతా ఉండాయి.

ప్రోగ్రాం చిన్నదే. వరస నంబరు కొడితే ఆ వరసలో పడుకున్నవాళ్ళ పేర్లు రావాల. అంతా ఒకే ఒక ఫైలులో. సర్వర్లు గిర్వర్లు ఏం అక్కర్లేదు. ఎనిమిది ఆదివారాలు నాయన కర్ర పట్టుకుని ఒక్కో గోరీ కాడ నిలబడి చెప్పినాడు. నేను స్టూలు మీద కూర్చుని ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కొట్టినాను. ఒక్కో పేరు కొట్టగానే తెర మీద పచ్చగా 'భద్రం' అని పడేది, పక్కన లెక్క ఒకటి పెరిగేది. ఆ మాట పడేటట్టు రాసింది కూడా నేనే.

నలభై మూడు వరసలు. ఆరువందల పన్నెండు మంది.

జూన్‌లో జేసీబీ వచ్చింది. కంపతోబాటు గుండ్రాళ్ళు, కలబందలు అన్నీ ఎత్తిపోసినారు. 'తీసేయొచ్చా నవాజ్' అని ఫైజల్ సార్ నన్నే అడిగినాడు. 'లిస్టు నా కాడ ఉండాది, తీసేయండి సార్' అన్నాను. జూలై రెండో తేదీ నాయన బాత్‌రూంలో పడిపోయినాడు. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. కాలు కొంచెం తిరిగొచ్చింది. మాట రాలే.

మొన్న శనివారం లిస్టు ప్రింటు కావాలంటే ఫైలు తెరిచినాను. నలభై మూడు వరసలూ ఉండాయి. ఒక్కో వరసలో ఒకే ఒక పేరు, మొదట చెప్పింది. మిగతావాళ్ళు లేరు.

లాప్‌టాప్ పాతది. ఆ ఎండలో అంతసేపు పని చేసింది. దాని తప్పే అయ్యుంటాది.

ఆగస్టు 12, మంగళవారం

కాపీ ఒకటి యాడో ఉంటాది. ఉండి తీరాల.

ఆగస్టు 13, బుధవారం

లేదు.

క్యాంటీన్‌లో జయరామ్‌ని పట్టుకున్నాను. మా లైన్‌లో ప్రోగ్రాంలు బాగా తెలిసినోడు వాడే. 'నా ఫ్రెండు ఒకడు రాసుకున్నాడు, పేర్లు నిలవడం లేదంట, చూడప్పా' అని ఫోన్‌లో చూపించినాను. ఇడ్లీ తింటా తింటా ఒక నిమిషం చూసినాడు.

'ఇంతేనా. సూడు. ఈ ఫైలు ఒక పెట్టె అనుకో. పదిహేడు అని అడిగితే పదిహేడో కాగితం ఇస్తాది. అసలు కాగితం కాదు, దాని జెరాక్స్. మొదటి పేరు అసలు కాగితం మీద పడింది. రెండోదాని నుంచి మీవాడు జెరాక్స్ మీద రాసినాడు, పెట్టెలో తిరిగి పెట్టకుండా పారేసినాడు. మళ్ళా అడిగితే పాత కాగితమే వస్తాది. ప్రతిసారీ ఇదే పని.'

'మరి భద్రం అని పడతా ఉండె కదా.'

'అది మీవాడు రాసుకున్న మాట. పెట్టె చెప్పిన మాట కాదు.'

మూతి తుడుచుకున్నాడు. 'ఒక్క లైను తక్కువప్పా, అంతే. ఎవరా మహానుభావుడు? ఒక్కసారన్నా మూసి తెరిచి చూసుకోలేదా?'

'ఎవడో లే' అన్నాను. నా ఇడ్లీ ప్లేటులోనే ఉండిపోయింది.

లాప్‌టాప్ తప్పు కాదు.

ఆగస్టు 14, గురువారం

గుల్జార్ ఖాలా వచ్చింది.

నాకు పిన్నమ్మ లాంటిది, కోట వీధిలో గాజుల అంగడి ఆమెది. ఆమె కూతురు మిస్బా మూడేండ్ల పిల్లగా ఉన్నప్పుడు జ్వరంతో పోయింది. నేను అప్పటికి పుట్టలేదు. మాలో ఆడవాళ్ళు దిబ్బ లోపలికి రారు. ముప్పై ఒక్కేండ్లుగా ఖాలా ప్రతి గురువారం గేటు కాడ నిలబడి పూలు నాయన చేతికిస్తాది. నాయన లోపలికి పోయి పెట్టొస్తాడు. ఆమె గేటు కాడే దువా చేసుకుని పోతాది. నెలన్నరగా ఖాలా తన జబ్బుతో ఆస్పత్రుల చుట్టూ తిరుగుతా రాలేదు.

ఈరోజు పూలు నా చేతిలో పెట్టింది. 'మీ నాయన నీకు చూపించినాడు కదా బేటా' అనింది.

చూపించినాడు. చెప్పినాడు. నేను కొట్టినాను. ఏ వరసో ఒక్క ముక్క గుర్తు లేదు.

లోపలికి నడిచినాను. ఖాలా గేటు కాడినుంచి చూస్తా ఉండాది. ఆగితే అనుమానం వస్తాది. పదిహేడో వరసలో నాలుగోది, చిన్న దిబ్బ ఒకటి కనిపించింది. దాని మీద పెట్టినాను. నోరు తెరిచి అబద్ధం చెప్పలే. పూలు పెట్టినాను, అంతే.

ఆగస్టు 15

సెలవు. రోజంతా పడుకున్నాను.

ఆగస్టు 21, గురువారం

'నేను కూడా లోపలికి వస్తాను' అనింది ఖాలా. 'కడుపులో గడ్డ ఉండాదంట. ఆపరేషన్ చేస్తారు. లేస్తానో లేదో. ఒక్కసారన్నా బిడ్డ పక్కన కూర్చోవాల. ఎవరన్నా ఏమన్నా అంటే నేను చెప్పుకుంటాను.'

చెయ్యి పట్టుకుని తీసుకుపోయినాను. ఎక్కడికి తీసుకుపోయేది, పదిహేడో వరసకే. కూర్చుని మట్టిని అరచేత్తో సాపు చేసింది, పిల్ల జుట్టు సర్దినట్టు. 'ఇక్కడ నీడ కూడా ఉండాది' అనింది. ఉర్దూలో ఏందేందో మాట్లాడింది. నేను కుళాయి కాడికి పోయి నిలబడినాను, వినలేక.

మంచిపనే అనుకుంటే మంచిదే. ఆమెకు మనసు నెమ్మదించింది కదా. దువా యాడ చేసినా అందేచోటికే అందుతాది.

ఆగస్టు 24, ఆదివారం

నాయన నన్ను చూసినప్పుడంతా ఎడమ చెయ్యి ఎత్తి చెవి కాడ పెట్టుకుంటాడు. చెవిపోటేమో అని అమ్మ చుక్కల మందు వేసింది. చెయ్యి తోసేసినాడు. 'నీకేమన్నా తెలుసా నవాజ్?' అని అమ్మ అడిగింది. తెలీదన్నాను.

ఆగస్టు 28, గురువారం

వాన. ఖాలా రాదనుకున్నాను. గొడుగేసుకుని వచ్చింది.

సెప్టెంబర్ 4, గురువారం

ఆపరేషన్ ఇరవైనాలుగో తేదీ. తిరుపతిలో.

'నాకు ఒక్కటే కోరిక బేటా. నేను పోతే మిస్బా పక్కన పెట్టాల. కమిటీ కాగితం రాసిస్తే నిమ్మళంగా పోయి టేబుల్ ఎక్కుతాను. ఫైజల్‌ని అడిగితే, నవాజ్ కంప్యూటర్‌లో చూసి నంబరు చెప్తే రాసిస్తానన్నాడు.'

ఈరోజే చెప్పాల అనుకున్నాను. ఖాలా టిఫిన్ బాక్సులో సేమియా తెచ్చింది నాకు. తిన్నాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

పదిహేడో వరస, నాలుగోది మిస్బా. ఐదో చోటు గుల్జార్ బేగానికి.

కమిటీ కాగితం మీద ఫైజల్ సార్ సంతకం, కింద 'రికార్డు ప్రకారం సరిచూసినవాడు' అని నా సంతకం.

సెప్టెంబర్ 11, గురువారం

కావాలనే సెకండు షిఫ్టు వేయించుకున్నాను. ఖాలా ఒక్కతే పోయిందంట. 'నవాజ్ లేకపోతే ఏమైంది, దారి తెలిసిపోయింది కదా' అనిందంట అమ్మతో.

సెప్టెంబర్ 14, ఆదివారం

పేజీలు వెనక్కి తిప్పి చదివినాను. జరిగింది జరిగినట్టు రాస్తానన్నాను మొదటి వారం. రాయలే. ఒకటి దాటేసుకుంటా వచ్చినాను. ఇది నా ఒక్కడి పుస్తకం, దీంట్లో కూడా దాపరికమే.

ప్రతి ఆదివారం పని అయినాక నాయన కుళాయి కాడ కాళ్ళు కడుక్కుని, నా పక్కన గొంతుక్కూర్చుని అడిగేవాడు. 'ఏదీ, ఒకసారి సదివి వినిపీరా. ఎవురన్నా తప్పిపోయింటే సూసుకుందాం.'

మొదటి ఆదివారం 'అన్నీ ఉండాయిలే నాయనా' అన్నాను. రెండో ఆదివారం కూడా అదే. మూడోది గుర్తులేదు. ఐదో ఆదివారం ఫోన్‌లో మ్యాచ్ చూస్తా ఉండాను. 'నీకేం తెలుసు నాయనా కంప్యూటర్ సంగతి, ఒకసారి ఎక్కినాక పోదు' అని కసిరినాను. ఆయన 'సరే సరే' అని కర్ర తీసుకుని లేచినాడు. ఆఖరి ఆదివారం అన్నాడు: 'నాకు సదువు రాదు కదరా, సూసుకునేదానికి. నీ నోట వింటే కదా నాకు తెలిసేది.' నేను బండి స్టార్ట్ చేసి, 'ఎక్కు, ఎండ ఎక్కువగా ఉండాది' అన్నాను.

ఎనిమిది ఆదివారాలు. ఒక్క ఆదివారం చదివింటే, మొదటి వరసలోనే రెండో పేరు కాడ తెలిసిపోయేది.

చెయ్యి చెవి కాడ ఎందుకు పెట్టుకుంటాడో నాకు మొదటిరోజు నుంచీ తెలుసు. చుక్కల మందు వేస్తా ఉంటే చూస్తా నిలబడినాను.

ఒక లైను తక్కువ రాసినందుకు సిగ్గు లేదు నాకు. అది ఎవరికైనా అవుతాది. ముసలాయన వినిపించమంటే వినిపించలేదు చూడు, దానికి మొగం యాడ పెట్టుకునేదో తెలియడం లేదు.

సెప్టెంబర్ 18, గురువారం

చెప్పేసినాను.

ఖాలా పదిహేడో వరసలో కూర్చుని ఉండాది. పూలు ఇంకా పొట్లంలోనే ఉండాయి. పొట్లం విప్పకముందే చెప్పాలని చెప్పులు యాడో విడిచి పరిగెత్తినాను. 'ఖాలా, ఇది మిస్బాది కాదు' అన్నాను. జెరాక్స్ కథ, పెట్టె కథ చెప్పబోయి మధ్యలో ఆపేసినాను. ఆమెకు అదంతా ఎందుకు. 'నా కాడ పేర్లు లేవు. పోగొట్టినాను. మొదటిరోజు నువ్వు చూస్తా ఉంటే భయపడి ఇక్కడ పెట్టినాను. కాగితం మీద నా సంతకం కూడా అబద్ధమే' అన్నాను.

మట్టి మీద ఖాలా చెయ్యి అట్లనే ఉండాది. తీస్తే తప్పు, ఉంచితే తప్పు అన్నట్టు ఉండాది ఆ చెయ్యి.

'నేను నా కడుపులో ఉన్నదంతా చెప్పుకున్నానురా ఇక్కడ' అనింది. 'మిస్బా నాయన పోయింది చెప్పినాను. ఆపరేషన్ అంటే భయంగా ఉండాదని, నా కొడుక్కి కూడా చెప్పనిది, ఇక్కడ చెప్పినాను. ఎవరి బిడ్డకురా చెప్పినాను?'

బేటా అనలేదు. కొట్టింటే బాగుండు. లేచి, నేను చెయ్యి ఇస్తే పట్టుకోకుండా, గోరీల మధ్యన తడబడతా గేటు దాకా ఒక్కతే పోయింది. పూల పొట్లం మరిచిపోయింది.

ఫైజల్ సార్‌కు ఫోన్ చేసి అంతా చెప్పినాను. కాగితం చించేస్తానన్నాడు. నోటుబుక్కు మాట ఎత్తలేదు. ఎత్తింటే బాగుండు.

సెప్టెంబర్ 20, శనివారం

నాయనకు చెప్పినాను, గుల్జార్ ఖాలా సంగతితో సహా. లాప్‌టాప్ తెరిచి ఆయన ఎదురుగా పెట్టుకున్నాను. ఆయన చెయ్యి చెవి కాడికి పోయింది. చదివినాను. ఒకటో వరస, ఒక పేరు. రెండో వరస, ఒక పేరు. ఆయన ఆగమన్నట్టు చెయ్యి ఊపినాడు, మిగతావాళ్ళు ఏరీ అని. నేను మూడో వరస చదివినాను, ఒక పేరు. నలభై మూడూ చదివినాను. ఇంతే నాయనా, ఇంతే ఉండాది, మిగతాది నేను పోగొట్టినాను, నువ్వు అడిగినప్పుడు చదవలేదు అన్నాను.

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన ఏడ్చింది నేను ఎప్పుడూ చూళ్ళేదు. ఈరోజు కూడా వీపు మాత్రమే చూసినాను. అన్నం నేను పెడితే తినలే. అమ్మ పెడితే తిన్నాడు.

సెప్టెంబర్ 21, ఆదివారం

పొద్దున లేచేసరికి నాయన చొక్కా తగిలించుకుని, గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని, ఎడమ చేత్తో కర్ర పట్టుకుని వాకిట్లో కూర్చోనుండాడు. 'తెల్లారినప్పటి నుంచీ ఇదే పట్టు' అనింది అమ్మ.

ఆటో పిలిచినాను. ఎక్కినాక కోట వీధి వైపు చెయ్యి చూపించినాడు. గుల్జార్ ఖాలా అంగడి ముందర ఆపించినాడు. ఆమె నా మొగం చూడలే. నాయనను చూసి ముసుగు సర్దుకుని ఎక్కింది.

దిబ్బ కాడ నాయన నన్ను కుళాయి దగ్గరికి తీసుకుపోయినాడు. ఆయన అడుగుల లెక్కలన్నీ కుళాయి నుంచే. కానీ ఇప్పుడు ఆయన అడుగు జానెడు కూడా పడదు. అందుకని నా వీపు మీద చెయ్యి పెట్టి తోసినాడు. నేను నడవాల, ఆయన కర్రతో ఎడమకు, కుడికి అని చూపించాల. ఒకచోట అట్ల, ఒకచోట ఇట్ల తిప్పి తిప్పి, ఇరవై ఒకటో వరసలో ఆపినాడు. ఆడ దిబ్బ కూడా లేదు. చదునుగా ఉండాది. నేనైతే జన్మలో ఆ చోటు చూపించి ఉండను.

కర్రతో తలకాడ పొడిచి చూపించినాడు. తవ్వినాను, చేత్తో. జానెడు లోతున సగం ఇటుక తగిలింది. చిన్నపిల్లల గోరీలు వానలకు కరిగిపోతాయని ఒక్కోదానికి తలకాడ సగం ఇటుక పూడుస్తాడని ఆయన సైగల్లో అర్థమైంది. ఇన్నాళ్ళూ నాకూ తెలీదు, కమిటీకీ తెలీదు. ఇటుక ఎత్తమని సైగ చేసినాడు. దాని కింద పచ్చ గాజు ఉండాది, రెండు వేళ్ళు పట్టేంత. మట్టి పట్టింది గానీ విరగలే.

ఖాలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. 'ఇది నేను పంపించిన గాజు' అనింది. 'బిడ్డతోబాటు పూడ్చమంటే పెద్దమనుషులు పెట్టనియ్యలేదన్నారు. యాడో పడిపోయింటాది అనుకున్నాను.' నాయన కాళ్ళ కాడ కూర్చుండిపోయింది. ఆయన ఆమె తల వైపు చూడకుండా, గోరీ వైపు చూస్తా నిలబడినాడు.

ఆమె చాలాసేపు కూర్చునింది. గాజును అక్కడే ఇటుక కింద పెట్టి, మట్టి తనే కప్పింది. లేచి పూలు సగం అక్కడ పెట్టి, మిగతా సగం చేతిలో పట్టుకుని పదిహేడో వరస వైపు నడిచింది. నేనూ నాయనా వెనకే పోయినాం. నాలుగోదాని తలకాడ నన్ను తవ్వమనింది. ఇటుక ఉండాది. బిడ్డే. కింద ఏమీ లేదు.

'ఎవరి బిడ్డ అన్నా?' అని నాయనను అడిగింది.

నాయన నోరు తెరిచినాడు. ఆ, ఆ అన్నాడు. మెడ నరాలు పొంగినాయి. ఆయనకు తెలుసు. కళ్ళలో కనపడతా ఉండాది తెలుసని. పేరు బయటికి రాలే. ఏప్రిల్‌లో వచ్చింది, నా చెవిలో పడింది, నేను జెరాక్స్ మీద రాసి పారేసినాను.

ఖాలా మిగతా పూలు అక్కడ పెట్టింది. 'ఇన్ని వారాలు నా బాధంతా వినింది ఈ బిడ్డ. ఇప్పుడు నీది కాదు పొమ్మంటే ఎట్ల' అనింది. నా వైపు తిరిగింది. 'నేను ఆస్పత్రిలో ఉన్న గురువారం నువ్వు రావాల. రెండు చోట్లా పెట్టాల.' బేటా అని ఇంకా అనలే. రమ్మనింది, అది చాలు.

సెప్టెంబర్ 25, గురువారం

నిన్న ఆపరేషన్ అయిపోయింది. కళ్ళు తెరిచిందంట, ఖాలా కొడుకు ఫోన్ చేసినాడు. పూలు రెండు చోట్లా పెట్టొచ్చినాను.

మసీదులో ఫైజల్ సార్ చాటించినాడు, ఎవరివాళ్ళ పేర్లు వాళ్ళు వచ్చి చెప్పమని. నేను కూడా లేచి నిలబడి, నా వల్లే పోయినాయని అందరి ముందర చెప్పినాను. ఒకాయన కాండ్రించి బయట ఉమ్మొచ్చినాడు. ఆయన తల్లి ఇరవైతొమ్మిదో వరసలో యాడో ఉండాది. నాలుగు రోజుల్లో ఎనభై ఆరు పేర్లు వచ్చినాయి. నేను పేరు చెప్తే నాయన చోటు చూపిస్తాడు. ఎవరూ రాని పేర్లు ఎన్నుంటాయో నాకు తెలీదు. నాయనకు తెలుసు.

ప్రోగ్రాంలో తక్కువైన ఆ లైను చేర్చినాను. 'భద్రం' అనే పచ్చ మాట తీసేసినాను.

సాయంత్రం నాయన మంచం పక్కన కూర్చుని ఎనభై ఆరూ చదివినాను. ఆయన చెయ్యి చెవి కాడ పెట్టుకుని విన్నాడు. ఒక పేరు కాడ వేలెత్తినాడు, చోటు తప్పు రాసినాను, దిద్దినాను. ఆఖర్న ఇది చదివినాను:

పదిహేడో వరస, నాలుగోది. చిన్నబిడ్డ. పేరు కాశింవలికి తెలుసు, నవాజ్ పోగొట్టినాడు. గుల్జార్ బేగం వచ్చి చూసుకుంటాది.

నాయన నా వైపు తిరిగి, వేలితో ఇంకోసారి అన్నట్టు చూపించినాడు. ఇంకోసారి చదివినాను. ఫైలు మూసినాను. మళ్ళీ తెరిచి, పదిహేడు కొట్టి చూసినాను.

ఉండాది.